చేపకో చిరునామా

కిల్లీ అనగానే మనకి భోజనం అయ్యాక వేసుకునే కిళ్ళీ గుర్తొస్తుంది. ఇంగ్లీషులో ఆలోచించడం అలవాటైపోయినవాళ్ళకి చంపడం గుర్తొస్తుంది. ఈ రెంటితోనూ సంబంధం లేని కిల్లీ ఇంకొకటుంది. డచ్చి భాషలో "కిల్" అంటే వాగు, చిన్న కాలవ. డచ్చివాళ్ళు మొదట్లో కాపురం పెట్టిన న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతాల్లో ఈ మాట ఇప్పటికీ పేర్లలో మిగిలివుంది. కాట్స్‌కిల్ కొండలు చూసొచ్చాం కదా. స్టాటెన్ ఐలండుకీ న్యూజెర్సీకీ మధ్యనున్న కిల్ వాన్ కల్ మీదుగా వంతెన దాటుతూనే ఉంటాం. 2015 దాకా ఐబీఎమ్ చిప్పులు తయారుచేసిన ఊరు పేరు ఈస్ట్ ఫిష్‌కిల్. 1996లో పెటా వాళ్ళు, చేపల్ని చంపడంలా వినిపిస్తోంది కాబట్టి పేరు మార్చుకోమని ఫిష్‌కిల్ ఊరివాళ్ళని అడిగారు. ఊరివాళ్ళు మార్చుకోలేదు. కిల్లీఫిష్ అంటే వాగు చేప, అంతే.

సర్వర్లూ డేటాబేసుల గురించి మాట్లాడుకునే ఈ శీర్షికలోకి చేపలు ఎందుకొచ్చాయని అడుగుతారేమో. కారణం ఉంది. ఆఫ్రికా అడవి వాగుల్లో పుట్టిన ఈ చిన్న చేపల్ని ఇళ్ళల్లో పెంచేవాళ్ళు అరవై ఏళ్ళకి పైగా ఒక డేటా సమస్యతో కుస్తీ పడుతున్నారు. చేతిలో కంప్యూటర్లు లేని రోజుల్లోనే దానికో పద్ధతి కనిపెట్టారు. అదే సమస్యకి మనం పెద్ద పెద్ద జీతాలు తీసుకుని కూడా సగం సమాధానమే ఇస్తున్నాం. అదేమిటో చూద్దాం.

ముందు చేపల సంగతి

అఫియోసెమియన్ అని ఒక చేపల ప్రజాతి ఉంది. 1924లో జార్జి మయర్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. గ్రీకు మాటల్ని విడదీస్తే "జెండా ఉన్న చిన్న చేప" అన్నట్టు అర్థం వస్తుంది. కామెరూన్, గాబన్, కాంగో, ఈక్వటోరియల్ గినీ దేశాల వర్షారణ్యాలు వీటి ఇల్లు. నిడివి రెండంగుళాలకి అటూ ఇటూ. మగచేప ఒంటిమీద నీలం, ఆకుపచ్చ, ఎరుపు, నారింజ రంగులు పోటీ పడుతుంటాయి. కొన్నిటికి తోక పై అంచూ కింది అంచూ సాగి, వీణతీగలు లాగినట్టు ఉంటాయి. ఆడచేప మాత్రం మట్టి రంగులో, ఎవరి కంటా పడకుండా ఉంటుంది. ఈ ఆడచేపని గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

ఇవి ఉండే వాగులు మనం ఊహించుకునే వాగుల్లా ఉండవు. చాలాచోట్ల నీళ్ళు చీలమండ దాటవు. పైన చెట్లు కప్పేసి ఎండ పడదు. అడుగున రాలిన ఆకులు నాని, నీళ్ళు పాలు కలపని టీ రంగులో ఉంటాయి. ఆ నీళ్ళలో ఖనిజాలు బహు తక్కువ, కాస్త ఆమ్లగుణం కూడా ఉంటుంది. చెట్లమీదనుంచి జారిపడే చీమలూ చిన్న పురుగులే ఈ చేపలకి ముఖ్యమైన తిండి.

ఇంత చిన్న చేప పెద్ద నదిలోకి దిగితే బతకదు. అక్కడ ప్రవాహం ఎక్కువ, మింగేసే చేపలూ ఎక్కువ. అందుకని పక్కపక్కనే పారే రెండు వాగుల్లోని చేపలు వేల ఏళ్ళపాటు ఒకదాన్నొకటి కలవకుండా బతకగలవు. మన భాషలో చెప్పాలంటే ఒకే కోడు నుంచి విడిపోయి, ఎప్పుడూ మెర్జ్ కాని బ్రాంచీలు. వాగుకో బ్రాంచి.

మన దేశంలోనూ కిల్లీలున్నాయి. తలమీద వెండిచుక్కతో నీటి పైపొరలో తిరుగుతూ దోమపిల్లల్ని తినే అప్లోకైలస్ జాతులు మనవే. వాటిలో ఒకదాన్ని 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో వర్ణిస్తూ, బెంగాలీ జాలర్లు పిలిచే పేరునుబట్టి "పాంచాక్స్" అన్నాడు. ఆ బెంగాలీ మాట తర్వాత ఆఫ్రికా చేపల దాకా వెళ్ళింది. నైజీరియాలో ఉండే ఒక కిల్లీ ప్రజాతి పేరు ఫండులోపాంచాక్స్.

కంటికి ఒకటే, లెక్కకి వేరు

వాగుకో బ్రాంచి అన్నాను కదా. ఆ బ్రాంచీల మధ్య తేడా ఎంత ఉంటుందో మొదట గట్టిగా పట్టుకున్నవాళ్ళలో యోర్గెన్ షీల్ ఒకడు. ఈయన డెన్మార్కు సైన్యంలో అధికారి. చేపలు ఈయన వృత్తి కాదు, పిచ్చి. వేర్వేరు చోట్ల పట్టిన కిల్లీలని జతకట్టించి, పుట్టిన పిల్లలకి సంతానం కలుగుతుందో లేదో చూశాడు. మైక్రోస్కోపు కింద క్రోమోజోములు లెక్కపెట్టాడు. 1968లో "రివులిన్స్ ఆఫ్ ది ఓల్డ్ వరల్డ్" అనే పుస్తకం అచ్చువేశాడు. కంటికి అక్కచెల్లెళ్ళలా కనిపించే చేపల్లో కొన్నిటికి క్రోమోజోముల సంఖ్యే వేరని, అలాంటివాటిని కలిపితే పుట్టే పిల్లలు తరచు గొడ్డుబోతాయని తేలింది.

తర్వాతి పరిశోధనలు ఈ బొమ్మని ఇంకా స్పష్టం చేశాయి. టోగో, బెనిన్‌ల నుంచి గాబన్ వరకు తీరమైదానంలో ఉండే క్రోమఫియోసెమియన్ అనే గుంపునే తీసుకోండి. ఆ ఒక్క గుంపులోనే క్రోమోజోముల సంఖ్య 20 నుంచి 40 వరకు మారుతుంది. మనుషులందరికీ మామూలుగా 46 ఉంటాయని గుర్తుచేసుకుంటే ఇది ఎంత తేడానో తెలుస్తుంది.

ఇప్పుడు మట్టి రంగు ఆడచేప దగ్గరికి రండి. రెండు తొట్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాంట్లో ఒక వాగు చేపలు, ఇంకోదాంట్లో ఇంకో వాగు చేపలు. కిల్లీలు గెంతడంలో ఘటికులు. మూతలో వేలు పట్టేంత సందుంటే చాలు. ఒక ఆడచేప ఇటునుంచి అటు గెంతిందనుకోండి, దాన్ని చూసి ఏ తొట్టిదో చెప్పడం ఎంతో అనుభవం ఉన్నవాళ్ళకి కూడా కష్టం. గిట్‌లో తప్పుడు మెర్జ్ చేస్తే కనీసం కాన్‌ఫ్లిక్ట్ అని అరుస్తుంది. వెనక్కి తిప్పుకోవచ్చు. ఇక్కడ అరిచేవాళ్ళు లేరు. రెండు తరాల తర్వాత మిగిలేది ప్రకృతిలో ఎక్కడా లేని కలగూరగంప.

చీటీ కథ

అందుకని కిల్లీలు పెంచేవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ప్రతి తొట్టికీ ఒక చీటీ. చేప ఎక్కడికి వెళితే చీటీ అక్కడికి. గుడ్లు పోస్టులో పంపినా చీటీతోనే.

ఆ చీటీ మీద మామూలుగా మూడు సంగతులుంటాయి. మొదటిది శాస్త్రీయనామం. రెండోది చేపని పట్టిన చోటు, దగ్గరి ఊరి పేరు. మూడోది సేకరణ సంకేతం. ఉదాహరణకి గాబన్ చేపల చీటీల మీద "ఎల్‌ఈసీ 93" అని మొదలయ్యే సంకేతాలు కనిపిస్తాయి. అక్షరాలు ఆ ప్రయాణం చేసినవాళ్ళ ఇంటిపేర్ల పొడి అక్షరాలు. 93 అంటే 1993. దాని తర్వాత గీత గీసి రాసే అంకె, దారిలో ఎన్నో మజిలీలో వల వేశారో చెబుతుంది. ఆ అంకె పట్టుకుని ఆ ప్రయాణం నోటుపుస్తకం తెరిస్తే ఏ రోడ్డు, ఏ వాగు, నీళ్ళ వేడి ఎంత అన్నీ దొరుకుతాయి. చీటీ మీద పొట్టి కీ, పుస్తకంలో పూర్తి రికార్డు. ఫారిన్ కీ అంటే ఏమిటో కొత్తగా చేరిన పిల్లలకి చెప్పాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పేరూ, ఊరూ విడివిడిగా రాయడంలో ఇంకో తెలివి ఉంది. గార్డ్‌నెరీ అనే చేపని 1911లో బూలాంజే వర్ణించినప్పుడు ఫండులస్ ప్రజాతిలో పెట్టాడు. తర్వాత చాలాకాలం అది అఫియోసెమియన్ అయింది. ఇప్పుడు ఫండులోపాంచాక్స్. శాస్త్రజ్ఞులు వర్గీకరణ సవరించినప్పుడల్లా పేరు మారుతుంది, అది వాళ్ళ పని. "న్సుక్కా" అన్న ఊరు పేరు మాత్రం మారలేదు. నైజీరియాలో విశ్వవిద్యాలయం ఉన్న ఊరు అది. అకూరే, మకుర్ది, కామెరూన్‌లోని మిసాజే, ఇలా ఊరి పేరుతో ఈ చేప రకాలు ఎన్నో ఉన్నాయి, ఒక్కోదాని రంగులు ఒక్కో తీరు. మారే విషయాన్ని ప్రైమరీ కీగా పెట్టుకోకూడదని మనం పాఠాల్లో చదువుకున్నాం. వీళ్ళు అనుభవంలో నేర్చుకున్నారు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటి. చేప ఎక్కడిదో తెలియకపోతే వీళ్ళు ఊహించి రాయరు. "అక్వేరియం స్ట్రెయిన్" అని రాస్తారు. అంటే తొట్ల మధ్య తిరిగిన రకం, పుట్టిల్లు తెలియదు అని. గాబన్ తీరంలో లోపెజ్ అగ్రం పేరుతో ప్రసిద్ధమైన ఆస్ట్రాలే అనే వీణతోక చేపకి బంగారు రంగు రకం ఒకటుంది. అది మనుషుల తొట్లలో స్థిరపడ్డ రంగు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పెంచుకోవచ్చు. కానీ దానికి ఏ వాగు పేరూ తగిలించరు. నల్‌ని నల్ అని రాయడానికి ఎంత నిజాయితీ కావాలో, ఖాళీ గడుల్లో "99999", "01/01/1900" నింపిన డేటాబేసులు చూసిన మీకు చెప్పక్కర్లేదు.

మన ఇంటి సంగతి

మనవైపు ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. నేను కొన్నాళ్ళు పనిచేసిన ఒక క్లయింటు, రెండు బీమా కంపెనీలు కలిసిపోగా ఏర్పడ్డ సంస్థ. నేను చేరడానికి రెండేళ్ళ ముందే రెండు పాత డేటాబేసుల్నీ ఒక్క చోట చేర్చారు. ప్రతి పాలసీ ఏ కంపెనీనుంచి వచ్చిందో చెప్పే కాలమ్ ఒకటి ఉండేది. ఇప్పుడంతా ఒకటే కంపెనీ, ఇంకెందుకని దాన్ని తీసేశారు. పాలసీ నంబర్లు కలవకుండా కొత్త నంబర్లు ఇచ్చారు.

తర్వాత క్లెయిములు రావడం మొదలైంది. రెండు పాత కంపెనీల షరతులు వేరు. ఒకళ్ళు ఇచ్చేది ఇంకొకళ్ళు ఇవ్వరు. ఈ కుటుంబానికి ఏ షరతులు వర్తిస్తాయి? జవాబు చెప్పే కాలమ్ లేదు. గోడౌనులో కాగితాల పెట్టెలు దింపి, సంతకాలు, లెటర్‌హెడ్లు చూసి ఒక్కొక్కటే సరిపోల్చడానికి ముగ్గురు మనుషుల్ని పెట్టారు. ఈలోగా ఇంటి పెద్దని పోగొట్టుకున్నవాళ్ళు ఫోను పట్టుకుని కూచున్నారు. పోయింది రెండక్షరాల కాలమ్. డిస్కులో అది ఆక్రమించే చోటు లెక్కలోకి కూడా రాదు.

ఆ క్లయింటు దగ్గరే ముప్ఫై ఏళ్ళుగా మెయిన్‌ఫ్రేము చూసుకునే ఒక పెద్దాయన ఈ గొడవంతా విని, "మా నేలమాళిగలో ఇలాంటిది జరగదు, వచ్చి చూడండి" అన్నాడు. అలా నాకు కిల్లీలు పరిచయం. అరల నిండా చిన్న చిన్న తొట్లు, ప్రతి తొట్టికీ కాగితం టేపు మీద రాసిన చీటీ. వెళ్ళేటప్పుడు చెమ్మగా ఉన్న పీచుమట్టిలో పొదిగిన న్సుక్కా గార్డ్‌నెరీ గుడ్లు ఒక జిప్పు సంచిలో పెట్టి చేతికిచ్చాడు. సంచికంటే ముందు చీటీ ఇచ్చాడు. "ఇది పోతే గుడ్లు పారేసినట్టే లెక్క" అన్నాడు.

చీటీ వల్ల సైన్సుకి ఒరిగిందేమిటి?

ఇది పెద్దవాళ్ళ కాలక్షేపం మాత్రమేనా అంటే, అడవి చేపల సవన్నా చుట్టం ఒకదాని కథ చెప్పాలి. నోథోబ్రాంకియస్ ఫర్జెరీ. వానలకి నిండి ఎండకి ఎండిపోయే గుంటల్లో బతుకుతుంది. గుంట ఎండితే పెద్దచేపలు చస్తాయి, గుడ్లు మట్టిలో నిద్రపోయి మళ్ళీ వానకి లేస్తాయి. 1970 ప్రాంతంలో జింబాబ్వేలోని గొనరెజౌలో దీన్ని సేకరించారు. 1971లో శాస్త్రీయంగా వర్ణించారు. దాని పేరు ఫర్జెరీ అనేది రిచర్డ్ ఫర్జర్ అనే సేకర్త పేరు మీద వచ్చింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలు ఆ సంతతిని బతికించింది ఇళ్ళల్లో చేపలు పెంచేవాళ్ళు. ఏటేటా గుడ్లు తీసి, మట్టిలో దాచి, చీటీ రాసి, ఒకరికొకరు పంచుకుంటూ.

2003లో ఇటలీకి చెందిన కిల్లీ ప్రేమికుడు స్టెఫానో వాల్దేసలిచి, శాస్త్రవేత్త అలెస్సాండ్రో చెల్లెరీనో కలిసి ఈ చేప తొట్టిలో కొద్ది వారాల్లోనే ముసలిదైపోతుందని ప్రచురించారు. వెన్నెముక ఉన్న జంతువుల్లో, ప్రయోగశాలలో పెంచగలిగినవాటిలో, ఇంత తొందరగా వృద్ధాప్యం వచ్చేది మరొకటి దొరకలేదు. దాంతో వృద్ధాప్యం మీద పరిశోధించే ప్రయోగశాలలన్నిటికీ ఇది కావలసినదైంది. 2015లో దీని జీనోమ్ ప్రచురించారు. ఆ సంతతిని సైన్సు పత్రాల్లో "జీఆర్‌జెడ్" అంటారు. గొనరెజౌకి పొడి అక్షరాలు.

దీనికి తోడు మొజాంబిక్‌లో పట్టిన సంతతి ఒకటుంది, పేరు "ఎంజెడ్‌ఎం-0403". పైన చెప్పిన చీటీ పద్ధతిలో చదవండి. మొజాంబిక్, 2004, మూడో మజిలీ. ఇది జీఆర్‌జెడ్ కంటే ఎక్కువకాలం బతుకుతుంది. ఒకే జాతి, రెండు ఊళ్ళు, రెండు ఆయుర్దాయాలు. ఆ తేడాకి ఏ జన్యువులు కారణమని వెతకడానికి ఇవి రెండూ ఆధారం. ఎవరో ఒకరు 1985లోనో 1992లోనో "అన్నీ కిల్లీలే కదా" అని వేరే చేపలతో ఒకే తొట్టిలో పోసి, చీటీ తీసేసి ఉంటే ఆ గొనరెజౌ సంతతి పరిశోధకుల చేతికి వచ్చేది కాదు.

"ఇప్పుడు డీఎన్ఏ చదవడం చవకైంది కదా, చీటీ ఎందుకు?" అని మా స్నేహితుడొకడు అడిగాడు. మంచి ప్రశ్న. డీఎన్ఏ చదివితే ఈ చేప దేనికి దగ్గరో తెలుస్తుంది. కానీ పోల్చి చూడటానికి చోటు తెలిసిన చేప ఒకటి ముందే ఉండాలి. చోటు తెలిసిన నమూనాలన్నీ చీటీల పుణ్యమే. మోడల్ ఎంత గొప్పదైనా లేబుల్ ఉన్న డేటా లేకపోతే దేన్ని చూసి నేర్చుకుంటుంది?

ముందున్న గండం

కామెరూన్ తీరమైదానంలో పామాయిలు, రబ్బరు, అరటి తోటలు చాలా విస్తరించాయి. నీడ పోతే వాగు నీళ్ళు వేడెక్కుతాయి, ఆకులు రాలవు, పురుగులు పడవు. అఫియోసెమియన్ జాతుల్లో చాలా వాటిని ఐయూసీఎన్ ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. మంచి వార్త లేకపోలేదు. గాబన్ 2002లో 13 జాతీయ వనాలు ఏర్పరిచింది. వాటిలో ఇవిండో వనం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. కిల్లీల్లో రత్నాల్లాంటివైన డయాప్టెరాన్ చేపలు ఆ ఇవిండో నది పరీవాహకంలోనివే. కొత్తగా పట్టి తేవడానికి నియమాలూ బిగిశాయి. 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ఒప్పందం ప్రకారం ఒక దేశపు జన్యుసంపదమీద హక్కు ఆ దేశానిదే. ఇది న్యాయమే. చీటీ మీద ఊరి పేరుంటేనే కదా అది ఎవరి సొత్తో తెలిసేది.

కాబట్టి ఇళ్ళల్లో ఉన్న సంతతులకి విలువ పెరిగింది. వాటిని బతికించేవాళ్ళు మాత్రం తగ్గుతున్నారు. 1961లో మొదలైన అమెరికన్ కిల్లీఫిష్ అసోసియేషన్ లాంటి సంఘాల సమావేశానికి వెళితే నెరిసిన తలలే ఎక్కువ కనిపించాయి నాకు. మా పెద్దాయనకి డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేక రెండు అరలు ఖాళీ చేశాడు. ఆయన దగ్గరున్న ఒక గాబన్ వాగు చేప, ఆయనకి తెలిసినంతలో ఇంకిద్దరి దగ్గరే ఉంది. ఆ ఇద్దరూ ఆయన ఈడువాళ్ళే. ఒక్క పోర్టబుల్ డిస్కులో ఉన్నదాన్ని బ్యాకప్ అనం. మూడు నేలమాళిగల్లో ఉన్నదాన్ని ఏమనాలో నాకు తోచలేదు.

మనం చేయగలిగింది

మొదలుపెట్టడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. ఇరవై, ముప్ఫై లీటర్ల తొట్టి, సందులేని మూత, గుడ్లు పెట్టడానికి పచ్చ ఊలుదారపు కుచ్చు. నీళ్ళు 22 నుంచి 24 డిగ్రీలుంటే చాలు, కాబట్టి మన అపార్టుమెంట్లలో చాలాసార్లు హీటరు కూడా పెట్టక్కర్లేదు. గార్డ్‌నెరీ గుడ్లు రెండు మూడు వారాల్లో పొదుగుతాయి. పిల్లలకి తిండి అప్పుడే పొదిగిన ఆర్టీమియా. మన కోస్తా జిల్లాల్లో రొయ్యల హేచరీ చూసినవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. పిల్లలకి వారాంతపు కాలక్షేపం, మనకి స్క్రీను మీదనుంచి కళ్ళు తిప్పుకోవడానికి ఒక సాకు. ఒక్క జాగ్రత్త, ఎప్పటికీ వీటిని బయటి వాగుల్లో వదలకూడదు.

ఇంకొకటి కూడా మనవల్ల అవుతుంది, బహుశా మనవల్లే బాగా అవుతుంది. సంఘాల దగ్గర పాత సేకరణ నోటుపుస్తకాలు, ఎవరి దగ్గర ఏ సంతతి ఉందో చెప్పే జాబితాలు కాగితాల మీదా, పాత ఎక్సెల్ ఫైళ్ళలోనూ ఉన్నాయి. వాటిని జాగ్రత్తగా ఎక్కించి, ఏ సంతతి ఇద్దరి చేతుల్లోకి తగ్గిందో ముందే హెచ్చరించే చిన్న ప్రోగ్రాము రాయడం మనకి రెండు వారాంతాల పని. పెద్దాయన జాబితాతో నేను అదే మొదలుపెట్టాను. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: తెలియని గడి ఖాళీగానే ఉండాలి.

చేపలమీద ఆసక్తి లేనివాళ్ళు కూడా ఒక్కమాట దాచుకోండి. వచ్చేవారం మీటింగులో ఎవరో ఒకరు "ఈ సోర్స్ కాలమ్ ఇంకెందుకు, తీసేద్దాం" అంటారు. అప్పుడు అడ్డం చెప్పండి.